గృహయంత్ర బాలశిక్ష

సంధ్యవేళకు ఇంటిదీపములు తమంతట తామే వెలుగుటయు, మేడమీది తొట్టి నిండగానే మోటారు ఆగుటయు, వీథితలుపు తెరచియున్నచో ఫోను మ్రోగి హెచ్చరించుటయు నేడు వింతలు కావు. ఈ పనులన్నింటిని ఒక్కచోట కూర్చి నడపు సాఫ్టువేరులు కొన్ని కలవు. వానిలో వెల యీయనక్కరలేకయే ఎల్లరకును లభించునవి ముఖ్యముగా రెండు. మొదటిది ఓపెన్‌హ్యాబ్; దీనిని 2010లో జర్మనీ దేశమున కై క్రాయిట్సర్ ఆరంభించెను. రెండవది హోమ్ అసిస్టెంట్. పౌలస్ స్కౌట్సెన్ అను డచ్చి యువకుడు, ప్రొద్దు గ్రుంకగానే తన యింటి దీపములు వెలుగవలెనని 2013లో వ్రాసికొన్న చిన్న ప్రోగ్రామే పలువురి చేతులమీదుగా పెరిగి ఇంతటిదైనది. 2024 ఏప్రిలులో దానిని స్విట్జర్లాండునందు స్థాపింపబడిన ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అను లాభాపేక్షలేని సంస్థకు అప్పగించిరి. అరచేతిలో ఇముడు రాస్ప్‌బెర్రీ పై అను కంప్యూటరు దీనికి చాలును. ఇంటర్నెట్టు తెగినను ఇంటిలోని పని చాలవరకు సాగుచునే యుండును.

ఇక మేము చెప్పదలచినది యంత్రమును గూర్చి కాదు. దానిని నేర్చుకొనువారి చేతికి ఈయవలసిన పుస్తకమును గూర్చి. ఇట్టి సాఫ్టువేరునకు వివరణగ్రంథము లేకపోలేదు. ఎందరో శ్రమించి వ్రాసినది. తప్పు కనిపెట్టినవారు ఎవరైనను సవరణ పంపవచ్చును. అయిన నది నిఘంటువు వంటిది. పదము తెలిసినవారికి అర్థము చెప్పును గాని, ఏ పదము వెదుకవలెనో తెలియనివారికి మూగయే. బాల్యమున మా తండ్రిగారు మాచేత అమరము వల్లె వేయించిరి. కాని దానికి ముందు బాలశిక్షను చేతబట్టించిరి. ఈ గృహయంత్రములకు లేనిది ఆ బాలశిక్షయే.

వ్రాయగలవారు లేరా యన్న, కొల్లలుగా నున్నారు. ఒకరికి దీపముల సంగతి తెలియును, ఒకరికి నీటి మోటారు, మరియొకరికి తలుపు గడియ. ఎవరికి తోచినది వారు వ్రాసి వెళ్లుటచేత ఒకే సంగతి పది తీరులుగా చెదరియున్నది. వారందరిచేతను ఒకే గ్రంథమును వ్రాయించుట యెట్లు? మన వాఙ్మయము నెరిగినవారికి ఈ సమస్య కొత్తది కాదు. నన్నయ భారతమును అరణ్యపర్వము నడుమ విడిచెను. తిక్కన విరాటపర్వము మొదలుకొని తుదముట్ట రచించెను. నడుమ మిగిలిన భాగమును ఎఱ్ఱన పూరించెను. పూరించుచు దానిని రాజరాజనరేంద్రుని పేరనే, నన్నయ వ్రాసినట్లుగానే నడపెను. ఎఱ్ఱనకు స్వంతశైలి లేక కాదు. చదువరి కాలికి అతుకు తగులరాదని ఆయన ఆశయము. పదిమంది కూడి వ్రాయు పుస్తకమునకు ఇంతకు మించిన పద్ధతి మాకు తోచుటలేదు. ఒక వస్తువునకు పుస్తకమంతటను ఒకే పేరు, ఒక పుటకు ఒకే విషయము. ఎవరు వ్రాసినను మాట పొందిక ఒక్కటిగా నుండవలెను. ఈ పొందిక చూచుటకు సంపాదకురాలో సంపాదకుడో ఒకరుండక తప్పదు.

పుటల వరుస యేదన, యంత్రము నిర్మాణమును బట్టి కాదు, కొత్తవారికి కలుగు సందేహముల క్రమమునుబట్టి. నేర్చినవాడు గ్రంథము వ్రాసినచో మొదటి అధ్యాయమున సాంకేతికమైన పేర్లు దొర్లును. ఇల్లాలికి మొదట కలుగు సందేహము వేరు: “దీపము ఫోనునకు ఏల పలుకలేదు?” కారణము మిక్కిలి చిన్నది. ఎవరో అలవాటు చొప్పున గోడమీది స్విచ్చి ఆర్పియుందురు. అట్టి బల్బునకు స్విచ్చి తీసినచో విద్యుత్తే అందదు. విద్యుత్తు లేనిది అది ఏ ఆజ్ఞయు వినలేదు. ఈ నాలుగు వాక్యములు మొదటి పుటలో నున్నచో ఎన్ని కలహములు తప్పునో! రెండవ సందేహము మన యూళ్లలో కరెంటు పోయి వచ్చునప్పటిది. ఇట్టి బల్బులు పెక్కింటికి, తిరిగి విద్యుత్తు రాగానే వెలుగుట సహజగుణము. అర్ధరాత్రి రెండు గంటలకు ఇల్లంతయు పట్టపగలగును, పసిపాప మేల్కొనును. దీనిని మార్చుకొను ఏర్పాటు చాల బల్బులలో నున్నది. అది యెచ్చట నుండునో రెండవ పుట చెప్పవలెను.

ఆ పిదపనే ఆటోమేషను. దీనికి మూడంగములు: ఏది జరిగిన కదలవలెను, ఏ స్థితిలో మాత్రమే కదలవలెను, కదలి ఏమి చేయవలెను. మేడమీది తొట్టిలో నీరు తగ్గినది, ఇది మొదటిది. ఉదయము 6 మొదలు రాత్రి 9 లోపల, సంపులో నీరున్నచో మాత్రమే, ఇది రెండవది. మోటారును నడపుము, ఇది మూడవది. వంటయింటి బుద్ధికి ఇది యేమంత కష్టము? పాలు పొంగువేళ పొయ్యి తగ్గించుటలో ఈ మూడును లేవా? అయితే తొట్టి నిండినదని తెలుపు సెన్సరు చెడిపోవచ్చును. కావున ఏమైనను ఇన్ని నిమిషములకు మోటారు ఆగవలెనను రెండవ ఆజ్ఞ విధిగా నుండవలెను. మోటారు కదలునప్పుడు నడచునప్పటికంటె కొన్ని రెట్లు అధికముగా కరెంటు లాగును. దీపమునకు కొన్న చిన్న ప్లగ్గు దానికి తాళక కాలిపోవును. ఈ పని ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెనని ఆ పుట నెత్తిమీద పెద్దయక్షరములతో వ్రాయవలెను, అడుగున చిన్నయక్షరములతో కాదు.

పుట సరిగా నున్నదో లేదో వ్రాసినవారికి తెలియదు. మావారు కొత్తలెక్కను చెప్పినప్పుడు, అర్థమైనదా యని ముందు వరుసవారిని అడుగరు. వెనుకబల్లమీది పిల్లవానిని పిలిచి బోర్డుమీద చేయుమందురు. ఈ పుస్తకమునకును అట్టి పరీక్ష వలయును. మా వీథిలో కాలేజీ చదువు చదువు ఒక పిల్లవాడు మొదటిసారి యంత్రమును తెరచు విధమును తెలుగున ఒక పుటగా వ్రాసెను. దానిని పొరుగున నున్న పిన్నిగారికి ఇచ్చి, తాను మాటాడక ప్రక్కన కూర్చుండవలెనని మేము నిబంధన పెట్టితిమి. రెండవ పంక్తిలో “రౌటరులో ఐపి అడ్రసు చూడుము” అని యుండెను. ఆమె కళ్లజోడు సవరించుకొని, “రౌటరులో నాకేమి కనబడును నాయనా? దీపాలే గదా మిణుకుతున్నవి!” అనెను. ఆ ప్రశ్న నూరు సవరణల పెట్టు. చాలయిండ్లలో ఆ సంఖ్యను వెదుకనక్కరయే లేదు. బ్రౌజరులో హోమ్‌అసిస్టెంట్, చుక్క, లోకల్, కోలను, 8123 అని ఎడము లేకుండ ఇంగ్లీషు అక్షరములతో కొట్టిన చాలును. పిల్లవాడు పంక్తిని మార్చెను. పిన్నిగారు ముందుకు సాగి, ఐదవ పంక్తివద్ద మరల ఆగిరి. ఇట్లు నాలుగుమారులు జరిగిన పిమ్మట ఆ పుట పుటయైనది.

పుస్తకము పూర్తియైనదని చేతులు కడుగుకొనుటకు వీలులేదు. హోమ్ అసిస్టెంట్ ప్రతిమాసము కొత్తరూపు దాల్చును. 2024 ఆగష్టులో అంతవరకు సర్వీసు అనబడుచుండినది యాక్షను అను పేరు పొందెను. పాతపుటను చదివి సర్వీసు అనుమాటకై తెర యంతయు గాలించు కొత్తవారు దోషము తమదే యనుకొని విడిచిపెట్టుదురు. ఆ సాఫ్టువేరును స్థాపించు పద్ధతులు నాలుగుండగా, అందు రెండింటిని విరమించుచున్నామని 2025 మేలో ప్రకటించిరి. ఆ రెండింటిని బోధించు పాతపుటలు మాత్రము చెడలేదు, ఇప్పటికిని దారి తప్పించుచునే యున్నవి. అందుచే ప్రతిపుట తలమీద ఏ నెల, ఏ సంఖ్యగల రూపముతో పరీక్షింపబడినదో ఉండవలయును. ఎవరును సరిచూడక ఏడాది గడచిన పుటను ప్రక్కకు తీసివేయవలెను. వ్రాయువారు నలుగురు దొరకినచో, పాతవానిని సరిచూచువారు ఇద్దరైనను ఉండవలెనని మా యభిప్రాయము. వ్రాసినవారికి పేరు వచ్చును, సరిచూచినవారిని ఎవరు తలతురు? అయినను గ్రంథమును బ్రతికించువారు వారే.

ఇన్ని చెప్పుటకు కారణమొకటి కలదు. ఈ యంత్రములను ఇంటిలో నెలకొల్పువారు మిక్కిలిగా పురుషులు, లేదా కాలేజీకి పోవు కుమారులు. తాళపుమాటలు వారి మనస్సులోనే యుండును. కుమారుడు ఉద్యోగమునకై దూరదేశము పోయినను, గృహస్థు ఆస్పత్రి పాలైనను, దైవవశమున అంతకంటె గొప్ప కష్టము వచ్చినను, ఇల్లాలు తన యింటి దీపమును తాను వెలిగించుకొనలేని స్థితి ఏర్పడును. 2025 జనవరినుండి ఈ సాఫ్టువేరు తీయు బ్యాకప్పులు మొదటనే గుప్తలిపిలో నుండునట్లు అమర్చబడినవి. ఆ గుప్తసంకేతము లేనిదే వానిని తెరచుటకు వీలుకాదు. ఆ సంకేతమును కాగితముమీద దింపి, ఇంటి దస్తావేజులతో కూడ బీరువాలో నుంచవలెనని ఏ బాలశిక్షయైనను బోధింపకున్న, తక్కిన బోధ యెంత యున్నను లాభమేమి? నిర్వాహకాధికారముగల రెండవ ఖాతా ఇల్లాలి పేర నుండవలెను. యంత్రమంతయు మూలబడినను గోడమీది స్విచ్చితో దీపమును, మోటారును నడపు దారి మిగిలియుండునట్లే అమర్చవలెను. ఈ మూడును ఒక్క పుటలో నిముడును. ఆ పుటకు సాంకేతికవిద్య అక్కరలేదు. దానిని వ్రాయదగినది ఇల్లాలే.

తెలుగున ఇట్టి పుస్తకమును కూర్చుటకు అడ్డు లేదు. హోమ్ అసిస్టెంట్ వివరణగ్రంథమును, మూలమును పేర్కొని, వ్యాపారమునకు వాడక, తిరిగి అదే షరతుతో ఇతరులకిచ్చునెడల ఎవరైనను అనువదించుకొనవచ్చునని దాని లైసెన్సు చెప్పుచున్నది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలై, ఒకరినొకరు చూడని వారి చేతులతోనే నడచుచున్నది. పదిమంది కలసి వ్రాయుట మనకు చేతకాదనువారు దానిని చూడవచ్చును. మొదట నలువది పుటలకు పూనుకొనవలదు. గోడస్విచ్చి పుట, కరెంటు పోయి వచ్చినప్పటి పుట, నీటితొట్టి పుట, బీరువాలో దాచు కాగితపు పుట, ఈ నాలుగు చాలును. ఒక్కొక్కదానిని వ్రాయువారొకరు, ప్రక్కనుండగా చదువవలసిన పిన్నిగారొకరు. తొట్టి పుట వ్రాయువారు మాత్రము, వ్రాయుటకు పూర్వము తమ వీథి ఎలక్ట్రీషియనును కూర్చుండబెట్టి మోటారు సంగతి నిదానముగా అడిగి తెలిసికొనవలెను.