సౌరపవనానికి ఎదురీదే విశ్వకిరణాలు

విద్యార్థులారా! మీరు ఈ పాఠం చదివే కొద్ది నిమిషాల్లోనే వందలకొద్దీ మ్యూఆన్ కణాలు మీ అరచేతి గుండా దూసుకుపోతాయి. మీకు ఏమీ తెలియదు. విశ్వకిరణాలు వాతావరణంలోని అణువులను ఢీకొన్నప్పుడు పుట్టిన కణాలివి. 1912లో ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎగిరి, పైకి పోయేకొద్దీ ఈ వికిరణం పెరుగుతోందని కనుగొన్నాడు. కిరణాలని పేరే గాని ఇవి కాంతి వంటివి కావు. వీటిలో అత్యధిక భాగం ప్రోటాన్లు, అంటే విద్యుదావేశం గల కణాలు. ఇవి ఎక్కువగా సౌరకుటుంబం వెలుపలి నుంచే వస్తాయి.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. సూర్యుడి మీద మచ్చలు పెరిగి, అలజడి ఎక్కువైనప్పుడు భూమికి చేరే విశ్వకిరణాలు పెరుగుతాయా, తగ్గుతాయా? పెరుగుతాయనే మనకు తోస్తుంది. కాని అమెరికా శాస్త్రవేత్త స్కాట్ ఫోర్బుష్ ఏళ్ల తరబడి కొలతలు పరిశీలించి, 1954లో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఫలితాన్ని చూపించాడు. మచ్చలు పెరిగితే విశ్వకిరణాలు తగ్గుతాయి. దాదాపు 11 ఏళ్లకొకసారి ఈ ఎగుడుదిగుళ్లు మళ్లీ వస్తాయి.

కారణం ఏమిటి? సూర్యుని కరోనా నుంచి ఆవేశిత కణాలు ఎడతెగకుండా అన్ని దిక్కులకూ వీస్తుంటాయని 1958లో యూజీన్ పార్కర్ సిద్ధాంతీకరించాడు. అదే సౌరపవనం. దీని వేగం సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. పోతూపోతూ అది సూర్యుని అయస్కాంత క్షేత్రాన్ని కూడా లాక్కుపోతుంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడు కనుక ఆ క్షేత్రరేఖలు దీపావళి భూచక్రం చిమ్మే రవ్వల్లా వంపు తిరుగుతాయి.

వరద గోదావరిలో ఎదురు వెళ్లే పడవను ఊహించుకోండి. విశ్వకిరణం పరిస్థితి కొంతవరకు అదే. అయితే ఈ పోలికను ఇక్కడితో ఆపాలి. సౌరపవనం ఎంత పలుచనిదంటే దాని తాకిడి వల్ల ప్రోటాన్ ఆగదు. దారి మళ్లించేది అందులోని అయస్కాంత క్షేత్రం. చిక్కుపడిన క్షేత్రరేఖల మధ్య కణం అటూ ఇటూ చెదిరి, కొంత శక్తి పోగొట్టుకుని, చాలాసార్లు మధ్యలోనే వెనుదిరుగుతుంది. సూర్యుడు చురుకుగా ఉన్నప్పుడు ఈ క్షేత్రం బలపడుతుంది, చిక్కులూ పెరుగుతాయి.

ఈ అడ్డు ముఖ్యంగా తక్కువ శక్తి కణాలకే. హైదరాబాద్‌లో నిలువుగా దిగే ప్రోటాన్‌కు సుమారు 17 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి లేకుంటే భూమి అయస్కాంత క్షేత్రమే దాన్ని తిప్పి పంపుతుంది. అంత శక్తి గల కణాన్ని సౌరపవనం పెద్దగా ఆపలేదు. కాబట్టి 11 ఏళ్ల మార్పు మన దగ్గర స్వల్పంగానే కనిపిస్తుంది. ధ్రువాలకు దగ్గరి కేంద్రాల్లో మాత్రం అది 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది.

కొన్నిసార్లు తగ్గుదల గంటల్లోనే వస్తుంది. సూర్యుడు ఒక్కసారిగా భారీ ప్లాస్మా మేఘాన్ని విసిరితే, అది భూమిని దాటేటప్పుడు విశ్వకిరణాలకు గొడుగు పట్టినట్లవుతుంది. 2024 మే నెలలో వచ్చిన పెద్ద సౌర తుఫాను సమయంలో ఇదే జరిగింది. దీనిని ఫోర్బుష్ తగ్గుదల అంటారు. కోలుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది.

మరి సౌరపవనం ఎంతవరకు వీస్తుంది? 2012 ఆగస్టులో వాయేజర్-1 నౌక సూర్యుడి నుంచి సుమారు 1,800 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఆ సరిహద్దు దాటింది. సూర్యుడి వైపు నుంచి వచ్చే కణాలు అక్కడ ఒక్కసారిగా పడిపోయాయి, బయటి విశ్వకిరణాలు పెరిగాయి.

ఇది లెక్కల ముచ్చట మాత్రమే కాదు. అంగారకుడికి వెళ్లే మనిషికి దారిలో భూమి అయస్కాంత కవచం ఉండదు, దట్టమైన వాతావరణమూ ఉండదు. నెలల తరబడి విశ్వకిరణాలు సోకితే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. సూర్యుడు చురుకుగా ఉన్న ఏళ్లలో బయలుదేరితే ఈ కిరణాలు తక్కువ తగులుతాయి, కాని హఠాత్తుగా సౌర తుఫాను మీదపడే ప్రమాదం ఎక్కువ. ఆ కణాలు కొన్ని గంటల్లోనే చాలా వికిరణం మోసుకొస్తాయి. అయితే వాటి శక్తి సాధారణంగా తక్కువ కనుక, నౌకలో మందమైన గోడల గదిలోకి వెళ్లి తలదాచుకోవచ్చు. విశ్వకిరణాలు ఆ గోడలనూ దాటి వస్తాయి.