గడ్డి తోలుటకు ట్రైలరు: ఎంపిక, అమరిక

వానలు తప్పిన యేడు పలమనేరు, పుంగనూరు వైపు పాడి రైతులు వరిగడ్డి కొరకు తూర్పునకు, శ్రీకాళహస్తి, నాయుడుపేట ప్రాంతములకు రావలసి వచ్చును. అది నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. అంత దూరమునకు లారీయే మేలు. కాని మడి నుండి వామి వరకు, పక్క మండలము వరకు గడ్డి తోలునది ట్రాక్టరు ట్రైలరే. దానిని కొనునప్పుడు రైతులు గమనింపవలసిన విషయమొకటి కలదు. గడ్డి బరువైన సరకు కాదు, చోటు తినెడి సరకు. అమ్మువాడు టన్నుల లెక్క చెప్పును. మీరు అడుగుల లెక్క అడుగవలెను.

లెక్క చూడుడు. చిన్న బేలరు యంత్రము చుట్టిన గడ్డి బేలు సుమారు రెండడుగుల లావు, మూడడుగుల పొడవు ఉండి, 15 నుండి 20 కిలోలు తూగును. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల ట్రైలరులో కింది వరుసకు 10 బేళ్లు పట్టును. రెండవ వరుస బేళ్లు కింది సందులలో కూర్చొనునట్లు పేర్చిన 8, మూడవ వరుసకు 6. మొత్తము 24 బేళ్లు. బరువు అయిదువందల కిలోలకు మించదు. మూడు టన్నులు మోయు బండికి ఇది బరువే కాదు. అందుచేతనే ఇంకొక వరుస, ఆపైన మరొక వరుస వేయవలెనను ఆశ పుట్టును. ప్రమాదము అక్కడనే యున్నది.

ఎత్తు పెంచుటకు మారు పొడవు పెంచుకొనుడు. అదే వెడల్పున 14 అడుగుల ట్రైలరులో మూడు వరుసలకే 36 బేళ్లు పట్టును. సగము సరకు అదనముగా వచ్చును, ఎత్తు అంగుళమైనను పెరుగదు. అయితే ఆ పొడవు కొన్ననాడే ఉండవలెను. పాత తొట్టికి వెనుక వాసములు కట్టి పొడిగించుట తగదు. సరకు తొట్టి పక్కలకు గాని, ముందు వెనుకలకు గాని, అనుమతించిన ఎత్తునకు గాని మించి పొడుచుకొని వచ్చిన, 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము 20,000 రూపాయల జరిమానా విధించుచున్నది. దించుటకైన ఖర్చు కూడ మీదే.

రెండు చక్రములదా, నాలుగు చక్రములదా అని అడుగువారు కలరు. ఇరుకు గట్లు, పొలము డొంకలు గల చోట రెండు చక్రములది సుళువుగా తిరుగును, వెనుకకు నడుపుటయు తేలిక. పొడవైనది కావలసినచో నాలుగు చక్రములది నిలకడగా నుండును. రెండు చక్రముల దానిలో బరువు ఇరుసు వెనుకకు పడనీయరాదు. అట్లు పడిన ట్రైలరు మూతి పైకి లేచి, ట్రాక్టరు వెనుక చక్రములను తేల్చును; పట్టు తప్పును. కావున నింపుట ముందు నుండి మొదలుపెట్టి, దించుట వెనుక నుండి చేయవలెను. పాత బండి కొనువారు లాగుడు కొక్కెము రంధ్రము అరిగి పెద్దదైనదా, అడుగు చట్రమున అతుకులు పగిలినవా అని వంగి చూడవలెను. రంగు చూచి మోసపోరాదు.

అమరికలో ముఖ్యమైనవి ముందు వెనుకల ఇనుప చట్రములు. ఇవి నిలువుగా, తొట్టి కొలత లోపలనే, మూడవ వరుస అందునంత ఎత్తు ఉండవలెను. మోకులు అడ్డముగా రెండు, నిలువుగా ఒకటి వేసి, అర కిలోమీటరు నడిపిన పిదప మరల బిగింపవలెను; గడ్డి అణగి మోకు వదులగును. విడి గడ్డి, వేరుశనగ కట్టె తోలునప్పుడు పైన వల కప్పుట మంచిది. వెనుక దీపములను గడ్డి కప్పివేయకుండ చూడుడు. పొగగొట్టమునకు నిప్పురవ్వలను ఆపెడి జాలి బిగించి, దాని దరికి గడ్డి రాకుండ రేకు అడ్డము పెట్టవలెను.

ఇక కరెంటు తీగలు. 11 కిలోవోల్టుల వరకు గల తీగలు పొలములలో నేల నుండి కనీసము 4.6 మీటర్లు, అనగా 15 అడుగుల ఎత్తున ఉండవలెనని 1956 నాటి విద్యుత్ నిబంధనలు చెప్పినవి. ఎండకు, కాలమునకు తీగ సాగి వేలాడును గనుక ఆ ఎత్తును నమ్మరాదు. తొట్టి అడుగు మూడడుగుల ఎత్తున నున్నచో మూడు వరుసల గడ్డి తొమ్మిదడుగులకు లోపలనే ముగియును. కాని దానిపై మనిషి నిలుచున్న తల పదునాలుగడుగులకు చేరును! మోకు పట్టుకొనుటకని కుర్రవానిని పైన కూర్చుండబెట్టు అలవాటును మానుకొనవలెను. వేలాడు తీగను కర్రతో ఎత్తి బండి దాటించుట చావును పిలుచుటయే. తోలుటకు ముందు దారి ఒకమారు నడిచి చూచి, వంగిన తీగ యున్నచో 1912కు ఫోను చేసి చెప్పుడు.

తీగ తగిలినచో డ్రైవరు సీటు దిగరాదు, ఎవ్వరిని దగ్గరకు రానీయరాదు, సరఫరా ఆపించవలెను. గడ్డి అంటుకొని దిగక తప్పనప్పుడు ఇనుమును, నేలను ఒకేసారి తాకకుండ, రెండు కాళ్లు జతచేసి దూరముగా దుముకవలెను. తీగ తగలక, రవ్వ వలన గడ్డి అంటుకొన్నచో బండిని వాములకు, ఇండ్లకు ఎడముగా ఆపి, వీలైనచో పిన్ను తీసి ట్రాక్టరును విడదీసి, 101కు తెలుపుడు.

మొగిలి, భాకరాపేట ఘాట్లలో ఎక్కిన గేరులోనే దిగవలెను. న్యూట్రలు వేయరాదు. రోడ్డెక్కగానే ట్రాక్టరు కుడి ఎడమ బ్రేకు పెడళ్లను కలిపి కొక్కెము వేయుడు. విడిగా నున్న పెడలును ఒక్కదానినే తొక్కిన బండి పక్కకు లాగి గడ్డితో సహా ఒరిగిపోవును.