నిలబడే చోటు, కత్తిరించే చోటు

విజయవాడ నుంచి హైదరాబాదు వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే, కంచికచర్లకు ముందు పరిటాల వస్తుంది. అక్కడ 2003లో ప్రతిష్ఠించిన 135 అడుగుల ఆంజనేయుడు ఉన్నాడు. దారినపోయే కార్లు ఆగుతాయి, ఫోన్లు బయటికి వస్తాయి. మనిషీ, వెనక స్వామీ ఇద్దరూ ఒకే ఫొటోలో నిండుగా పడాలన్నది అందరి కోరిక. తీరా చూస్తే కొన్ని ఫొటోల్లో మనిషి వెనక స్వామి పాదాలే ఉంటాయి. స్వామి పూర్తిగా వచ్చిన ఫొటోల్లో ఆ మనిషెవరో ఆనవాలు పట్టడం కష్టం.

ఇది ఫోను లోపం కాదు, లెక్క. ఒక వస్తువు ఫొటోలో ఎంత ఎత్తు కనిపిస్తుందన్నది దాని అసలు ఎత్తు మీద, అది కెమెరాకు ఎంత దూరంలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. 135 అడుగులంటే 41 మీటర్లు. 1.6 మీటర్ల మనిషికి అది దాదాపు 25 రెట్లు. కాబట్టి మనిషి కెమెరాకు 4 మీటర్ల దూరంలో, విగ్రహం 100 మీటర్ల దూరంలో ఉంటే ఇద్దరూ ఒకే ఎత్తు కనిపిస్తారు. విగ్రహం 50 మీటర్లలో ఉంటే స్వామి మనిషికి రెట్టింపు అవుతాడు. ఫోను నడుము ఎత్తులో నిలువుగా పట్టుకుంటే ఈ రెండోది చక్కగా కుదురుతుంది.

జగ్గయ్యపేట బౌద్ధస్తూపంలో దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పంలో, రెండు వేల ఏళ్ల నాటి శిల్పి రాజును చుట్టూ ఉన్నవాళ్ల కంటే పెద్దగా చెక్కాడు. ఎవరు ముఖ్యులో పరిమాణంతోనే చెప్పాడు. కెమెరాకు ఆ స్వేచ్ఛ లేదు. ఒకరిని పెద్దగా చూపాలంటే దానికి ఉన్న దారి దూరం ఒక్కటే.

ఇదే లెక్క మనిషి ముఖంలోనూ పనిచేస్తుంది. ముక్కు కొనకూ చెవికీ మధ్య లోతు సుమారు 12 సెంటీమీటర్లు. సెల్ఫీలో ఫోను ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 42 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే చెవి పడే కొలత కంటే ముక్కు పడే కొలత 40 శాతం ఎక్కువ. అదే 2 మీటర్ల దూరానికి వెనక్కి జరిగితే ఆ తేడా 6 శాతానికి దిగిపోతుంది. 2018లో అమెరికాలోని రట్‌గర్స్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు దీన్ని లెక్కగట్టారు. 5 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే 12 అంగుళాల దూరంలో ముక్కు వెడల్పు సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని తేల్చారు. సెల్ఫీల్లో తమ ముక్కు చూసుకుని సర్జరీ చేయించుకోవాలనుకునే పిల్లలకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

లెన్స్ మారిస్తే ముఖం మారుతుందని చాలామంది నమ్మకం. నిజానికి ముఖం రూపు లెన్స్‌ను బట్టి కాక, నిలబడిన చోటును బట్టి మారుతుంది. 2 మీటర్ల నుంచి మామూలు ఫోను లెన్స్‌తో తీసి మధ్యలో ముఖం వరకు కత్తిరించినా, అక్కడే నిలబడి ఖరీదైన పోర్ట్రెయిట్ లెన్స్‌తో తీసినా ముక్కూ చెవుల నిష్పత్తి ఒకటే. తేడా స్పష్టతలో, వెనక దృశ్యం మసకబారడంలో ఉంటుంది. దగ్గరగా వెళ్లి తీస్తే ఉబ్బిన ముక్కును మాత్రం ఏ కత్తిరింపూ సరిచేయలేదు.

పెళ్లి గ్రూపు ఫొటోలో వరుస చివర నిలబడ్డ పిన్నిగారు ఎప్పుడూ తన కంటే లావుగా పడటానికి కారణం వేరు. ఫోను ప్రధాన లెన్స్ విశాలంగా చూస్తుంది. అడ్డంగా పట్టుకుంటే మధ్య నుంచి అంచుకు సుమారు 35 డిగ్రీలు. అంత కోణంలో వచ్చే వెలుగును చదునైన సెన్సర్ మీద పరిచినప్పుడు అంచున ఉన్న ముఖం 20 శాతం దాకా అడ్డంగా సాగుతుంది. నాలుగడుగులు వెనక్కి వేసి, అటూ ఇటూ ఖాళీ వదిలి, ఆ ఖాళీని తర్వాత కత్తిరిస్తే పిన్నిగారు పిన్నిగారిలాగే ఉంటారు.

ఇక ఫ్రేములో ముఖం ఎక్కడ ఉండాలి? చిత్రాన్ని మూడు భాగాలు చేసి గీతల మీద పెట్టమనే సూత్రం ప్రతి ఫోనులోనూ గడుల రూపంలో ఉంది. దాన్ని 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు రాసింది పల్లెసీమల దృశ్యాల గురించి, నేలకూ ఆకాశానికీ ఉండాల్సిన పాళ్ల గురించి. మనిషి ముఖానికి దాన్ని గుడ్డిగా అంటగట్టడం నాకు నచ్చదు. 1998లో క్రిస్టఫర్ టైలర్ అనే దృష్టి శాస్త్రవేత్త ఆరు శతాబ్దాల పాశ్చాత్య రూపచిత్రాలను కొలిచి, చిత్రకారులు చాలాసార్లు రెండు కళ్లలో ఒకదాన్ని సరిగ్గా నిలువు మధ్యగీత దగ్గర ఉంచారని నేచర్ పత్రికలో రాశాడు. రష్యన్ శాస్త్రవేత్త యార్బస్ అంతకుముందే, ముఖం చూసేటప్పుడు మన చూపు మళ్లీ మళ్లీ కళ్ల మీదికీ నోటి మీదికీ వెళ్తుందని చూపించాడు. కాబట్టి ముందు కళ్లకు చోటు చూడాలి, మిగతాది దాని చుట్టూ సర్దాలి.

కత్తిరించడం దగ్గర మెదడు చేసే పని మరీ ఆసక్తికరం. 1989లో హెలీన్ ఇంట్రాబ్, మైకేల్ రిచర్డ్‌సన్ అనే పరిశోధకులు కొందరికి కొన్ని ఫొటోలు చూపించి, తర్వాత జ్ఞాపకం మీద గీయమన్నారు. వాళ్లు ఫొటోలో లేని భాగాన్ని కూడా అంచుల అవతల కలిపి గీశారు. అంచు దగ్గర ఆగిపోయిన దాన్ని మనసు తనంతట తాను కొనసాగిస్తుందన్నమాట. స్టూడియోవాళ్లు మణికట్టు దగ్గర, మోకాలి దగ్గర కోయొద్దనడానికి ఆధారం ఇందులో ఉందని నాకనిపిస్తుంది. ముంజేయి మధ్యలో కోస్తే చేతి గీత ముందుకు సాగుతూ ఉంటుంది, మనసు చేతిని పూర్తి చేసుకుంటుంది. కీలు దగ్గర ఆకారం ఎలాగూ మలుపు తిరుగుతుంది. అక్కడే కోస్తే చెయ్యి అక్కడితో అయిపోయినట్టు కనిపిస్తుంది.

తెలుగు ప్రేక్షకులకు నుదురు కోసిన ముఖాలు కొత్త కాదు. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. వి.ఎస్.ఆర్. స్వామి దానికి ఛాయాగ్రాహకుడు. సినిమాస్కోప్ తెర వెడల్పు ఎత్తుకు రెండున్నర రెట్లకు కాస్త తక్కువ. ముఖమేమో నిలువుది. అంత అడ్డపు తెర మీద కళ్లు పెద్దగా కనపడాలంటే తల పైభాగం వదులుకోక తప్పదు. గడ్డాన్ని మాత్రం అలా వదులుకోవడం కష్టం. మాట, నవ్వు, కోపం అన్నీ దవడతోనే కదులుతాయి.

కత్తిరింపులో న్యాయాన్యాయాలు కూడా ఉన్నాయి. 1983లో డేన్ ఆర్చర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు పత్రికల్లోని ఫొటోలను కొలిచారు. మగవాళ్ల ఫొటోల్లో ముఖానికి ఎక్కువ చోటు, ఆడవాళ్ల ఫొటోల్లో ఒంటికి ఎక్కువ చోటు దక్కుతున్నట్టు తేలింది. ముఖం ఎక్కువ చోటు ఆక్రమించిన ఫొటోలోని వ్యక్తినే చూసినవాళ్లు ఎక్కువ తెలివైనవారిగా అంచనా వేశారు. మన చీరల దుకాణం ఫ్లెక్సీల్లో మోడల్‌ను మెడ దగ్గరే కోసేయడం చూసినప్పుడల్లా నాకు ఈ అధ్యయనం గుర్తొస్తుంది. చీర చూపాలి, నిజమే. ఆ చీర కట్టుకున్న మనిషికి ముఖం ఉండటం వల్ల చీరకు పోయేదేమీ లేదు.

అయితే మన ఊళ్లలో అన్నిటికంటే బరువైన కత్తిరింపు మోడళ్లది కాదు. ఇంట్లో పెద్దాయన పోయాక, పటం కట్టించడానికి ఫొటో వెతుకుతారు. విడిగా ఒక్కటీ ఉండదు. మనవరాలి పెళ్లి గ్రూపు ఫొటో ఒకటి నందిగామలోనో జగ్గయ్యపేటలోనో స్టూడియోకి తీసుకెళ్తారు. 12 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు 4000 పిక్సెళ్లు. 5 మీటర్ల వెడల్పున జనం నిలబడితే, 15 సెంటీమీటర్ల ముఖానికి దక్కేవి 120. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపించిందైతే అందులో సగం కూడా మిగలవు. ఆ 120 పిక్సెళ్లూ ఉన్నా, పటంలో ముఖం 5 అంగుళాలు ఉండాలంటే అంగుళానికి 24 పిక్సెళ్లు వస్తాయి, మంచి ప్రింటుకు కావలసినవి 300. ఈ లోటును ఇప్పుడు కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు పూడ్చేస్తున్నాయి. అవి ఇచ్చే కనురెప్పలు, ముడతలు ఎవరివీ కావు, లక్షల ముఖాల నుంచి ఊహించినవి. పటంలో ఉన్నది తాతయ్యేనని అందరూ ఒప్పుకుంటారు గానీ, నానమ్మ మాత్రం చాలాసేపు చూస్తుంది.

కాబట్టి గ్రూపు ఫొటో అయ్యాక పెద్దవాళ్లను ఇంకో నిమిషం కూర్చోనివ్వండి. ఎండలో కాదు, వసారా నీడలో. మీరు 2 మీటర్ల దూరంలో, ఫోను వాళ్ల కళ్ల ఎత్తుకు దించి, జూమ్ చేయకుండా తీయండి. తల పైనా, భుజాల పక్కనా కాస్త చోటు వదలండి. ఎంత కోయాలో తర్వాత చూసుకోవచ్చు. కోసినదాన్ని కొత్త కాపీగా దాచి, అసలు ఫొటోను అలాగే ఉంచండి. వాట్సాప్‌లో ఎవరికైనా పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి.