ఆబోతు కొలత మగవాడికి సరిపోదు

నగరి చుట్టుపక్కల పల్లెల్లో ఆవు ఎదకొచ్చాక సూది వేయించినా చూడి నిలవకపోతే, రైతు తప్పంతా ఆవు మీదే వేయడు. సమయానికి వేయించామా, వీర్యం మంచిదేనా అని కూడా ఆలోచిస్తాడు. అదే ఇంట్లో కోడలికి పిల్లలు కలగకపోతే ఆమెనే ఆసుపత్రులకూ గుళ్లకూ తిప్పుతారు. కొడుకును పరీక్ష చేయించుకోమనే మాట ఆలస్యంగా వస్తుంది, చాలా ఇళ్లలో రానే రాదు. సంతానం లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా లోపం ఉంటుంది. పశువుకు చూపే న్యాయం కోడలికి దక్కకపోవడం అన్యాయం. అయితే పశువును చూసి మగవాడి శరీరం పనిచేసే తీరు తెలుసుకోవచ్చు గానీ, దాని కొలతలతో అతడిని కొలవకూడదు.

తెలుసుకున్నది తక్కువేమీ కాదు. గ్లిసరాల్ కలిపితే వీర్యకణాలు గడ్డకట్టినా బతుకుతాయని 1949లో ఇంగ్లండులో తేలింది కోడిపుంజు వీర్యంతోనే. ఆ తర్వాత ఎద్దులకు, 1953 నాటికి మనుషులకూ ఆ పద్ధతి పనికొచ్చింది. వృషణాలు శరీరం కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలన్నది ఆబోతుకూ మనిషికీ ఒకటే. ఆబోతుల వృషణాలకు వెచ్చటి గుడ్డ చుట్టి చూసిన ప్రయోగాల్లో వీర్యం వెంటనే కాదు, కొన్ని వారాల తర్వాత పాడైంది. వీర్యకణం తయారవడానికి ఆబోతులో సుమారు 61 రోజులు, మనిషిలో 74 రోజులు పడుతుంది. వేసవిలో తగిలిన జ్వరం దెబ్బ వానాకాలంలో తీసిన రిపోర్టులో కనిపించేది అందుకే.

కొలతల దగ్గరికి వస్తే దారులు వేరవుతాయి. వీర్యకణాల్లో వంకర రూపాలు 30 శాతం దాటితే ఆబోతును పరీక్షలో పక్కన పెడతారు. మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు ఎంతంటే, సరైన రూపం ఉన్నవి 4 శాతం. భార్య ఏడాదిలోపే గర్భం దాల్చిన మగవాళ్లను పరీక్షించి తేల్చిన లెక్క ఇది. రిపోర్టులో 4 అంకె చూసి కుంగిపోయే యువకుడికి ఈ సంగతి చెప్పాలి. ఆబోతులను తరతరాలుగా సంతానం కోసమే ఏరి పెంచాం, మనుషులను ఎవరూ అలా ఏరలేదు. వృషణాల పరిమాణాన్ని మగతనానికి గుర్తుగా చూడటమూ ఇలాంటి పొరపాటే. చింపాంజీ వృషణాలు సుమారు 120 గ్రాములు, దానికి మూడింతలకు పైగా బరువుండే గొరిల్లావి 30 గ్రాములే. గుంపులో ఒకే ఆడదానితో అనేక మగ చింపాంజీలు జతకడతాయి, గొరిల్లాకు ఆ పోటీ దాదాపు లేదు. మనిషివి 40 గ్రాముల దగ్గర ఉంటాయి. ఆ తేడా జీవన విధానానిదే తప్ప బలానిది కాదు.

ఎలుక ఇంకోవైపు మోసం చేస్తుంది. వీర్యకణాలు పదో వంతుకు పడిపోయినా ఎలుకకు పిల్లలు పుట్టొచ్చు, మనిషికి అంత మిగులు లేదు. ఎలుక ఈనింది కదా, మందు ప్రమాదం లేనిదేనని అనుకోవడానికి వీల్లేదు. మరి జంతు ప్రయోగాలెందుకని అడగొచ్చు. పిల్లలను లెక్కపెట్టే బదులు వృషణాన్నే చూస్తే ఎలుక నిజం చెబుతుంది. డీబీసీపీ అనే పురుగుమందు ఎలుకల, కుందేళ్ల వృషణాలను కుదిస్తుందని 1961లోనే తేలింది. ఆ హెచ్చరికను పట్టించుకోలేదు. 1977లో కాలిఫోర్నియాలో దాన్ని తయారుచేసే కార్మికులే తమకు పిల్లలు పుట్టడం లేదని గుర్తించారు. కొన్ని సంగతులు మాత్రం ఎలుక, ఆబోతు ఎన్నటికీ చెప్పలేవు. మనిషి వై క్రోమోజోమ్‌పై ఉండే డాజ్ జన్యువులు వాటి వై క్రోమోజోమ్‌పై లేవు. ఆ జన్యువులున్న భాగం తెగిపోతే వీర్యకణాలు తగ్గిపోతాయి, లేదా అసలే ఉండవు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం ఇలాంటి లోపాలను వెతికింది భారతీయ మగవాళ్ల రక్తంలోనే.

మనిషిని పశువుతో పోల్చడమే అవమానమనే వాళ్లున్నారు. పరీక్ష చేయించుకోకుండానే తప్పంతా భార్య మీద వేయడం అంతకన్నా పెద్ద అవమానం. వీర్య పరీక్షకు కోత లేదు, మత్తు లేదు, ఖర్చూ తక్కువే. మొదటి ఫలితం బాగాలేకపోతే మూడు నెలలకు మళ్లీ చేయించాలి. కోడలి కడుపులోకి గొట్టం పంపి చూడటానికి ముందే ఇది పూర్తవ్వాలి.