రంగు పూయని జీవకణ చిత్రము

జీవకణము దాదాపు పారదర్శకము. సాధారణ సూక్ష్మదర్శినిలో దాని లోపలి భాగములు స్పష్టముగా కానరావు. కావున రంజకములు పూసి చూచుట పరిపాటి. కాని అనేక రంజకములు కణమును చంపును. చంపనివి మరియొక చిక్కు తెచ్చును. చిన్న ఔషధపు అణువునకు దానికన్న పెద్దదగు రంజకమును తగిలించినచో, అది చేరిన చోటు ఔషధము కోరినదో, రంజకము లాగికొనిపోయినదో ఎవరు చెప్పగలరు?

అణువే తన ఉనికిని తెలుపుకొనవలెను. అందుకు మూలమును, బాల్యమున విశాఖపట్టణములో చదివిన సి.వి. రామన్ 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో కనుగొనెను. పదార్థముపై బడి చెదరిన కాంతిలో లేశమాత్రము రంగు మారును. ఆ మార్పు అణుబంధముల కంపనమును బట్టి యుండును. అయితే అట్లు మారు కాంతికణములు సుమారు కోటికి ఒకటి. ఆ మినుకు వెలుగుతో చిత్రము పూర్తియగువరకు బ్రతికియున్న కణము కదలక నిలుచునా?

ఇచ్చట లేసరు ఆదుకొన్నది. రెండు లేసరు కిరణములను ఒకే బిందువున కేంద్రీకరింతురు. వాని పౌనఃపున్యముల భేదము బంధకంపనమునకు సరిపోయినపుడు, ఊయలను దాని లయలో త్రోసినట్లు, అణువులన్నియు ఒక్కమారు స్పందించును. ఒక కిరణము శక్తిని కోల్పోవును, రెండవది పొందును. ఆ భేదము పదివేలలో ఒక వంతో, అంతకన్న తక్కువయో! అందుచే ఒక కిరణమును సెకనుకు అనేక లక్షల మారులు హెచ్చించి తగ్గించి, ఆ లయను రెండవ కిరణమున వెదకి పట్టుదురు. 2008లో హార్వర్డునందు సన్నీ షీ బృందము ఈ విధమున జీవకణములను చిత్రించెను.

కొవ్వు సెంటీమీటరునకు 2845 తరంగముల భేదము వద్దను, మాంసకృత్తులు 2930 వద్దను ప్రబలముగా పలుకును. ఒకదానిని చిత్రించి, లేసరును సవరించి, రెండవదానికి సిద్ధమగునంతలో కొవ్వు బిందువులు స్థానము మారును; రెండు చిత్రములు ఒకదానిపై నొకటి పొసగవు. అసలు కష్టమంతయు ఇచ్చటనే యున్నది. 2012లో జపానుదేశమున ఒజెకి బృందము చిత్రమునకొక తరంగదైర్ఘ్యము చొప్పున లేసరును మార్చుచు, సెకనుకు 30 చిత్రములు తీయగలిగెను.

దీని ఫలము ప్రయోగశాల దాటినది. మెదడు కణితిని కోయునపుడు, తీసిన ముక్కను గడ్డకట్టించి, రంగు వేసి, ఫలితము తెలుపుటకు అరగంట పట్టును. అంతవరకు రోగి పుర్రె తెరచియే యుండును. 2017లో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు తంతు లేసరు గల యంత్రమును శస్త్రచికిత్స గదిలోనే నిలిపి, రంజకము లేకయే కొలది నిమిషములలో ఆ చిత్రమును పొందిరి.

ఇక ఔషధము మాట. అందలి కొన్ని హైడ్రోజను పరమాణువులకు బదులు డ్యుటీరియమును చేర్చిన చాలును. అణువు పరిమాణము ఇంచుమించు మారదు. దాని కంపనము మాత్రము, కణములోని తక్కిన అణువులు మౌనము వహించు చోట వినబడును. అయితే అణువులు దట్టముగా చేరిన చోటనే ఇది సాధ్యము. విరళమైన వానిని పట్టుటకు నేటికిని రంజకమే మేలు.