గీత దాటని నరాలు

పుస్తకం చదివేటప్పుడు మన తల కదలదు. కళ్లే ఎడమ నుంచి కుడికి చిన్న చిన్న గెంతులు వేస్తూ వరస పొడుగునా పోతాయి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ కదలిక ఉండదు. పైకీ కిందకీ చక్కగా చూస్తారు, పక్కకు మాత్రం కన్ను తిరగదు. అందుకే అక్షరాల వెంట తలనే నెమ్మదిగా జరుపుకుంటూ చదువుతారు. చూసేవాళ్లకు అదొక అలవాటులా కనిపిస్తుంది. ఇంకొన్నాళ్లకు, చిన్నతనంలోనే, వెన్నెముక ఓ పక్కకు ఒంగడం మొదలవుతుంది. ఒక భుజం పైకి లేస్తుంది, చొక్కా ఒక వైపుకు జారుతుంది. ఎదిగేకొద్దీ ఆ వంపూ పెరుగుతుంది.

కంటికీ వెన్నుకూ ఏమిటి సంబంధం?

2004లో జోవన్నా జెన్, ఎలిజబెత్ ఎంగిల్ తదితరులు దీని మూలాన్ని పట్టుకున్నారు. పదకొండో క్రోమోజోము మీదున్న రోబో3 అనే జన్యువులో లోపమే కారణం. ఈ పేరుకు రోబోలతో పనిలేదు. పండ్ల ఈగల్లో ఈ కుటుంబపు జన్యువు ఒకటి చెడితే, నాడీ తంతువులు శరీరాన్ని ఎడమ, కుడి సగాలుగా విడదీసే నడిగీతను ఒక్కసారి దాటి ఊరుకోక చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. అందుకే దానికి కూడలిలోని రౌండబౌట్ పేరు పెట్టారు.

మన ఎడమ మెదడు కుడి చేతిని నడుపుతుంది. గర్భంలో బిడ్డ మెదడు రూపుదిద్దుకునేటప్పుడే నరాలు నడిగీత దాటి అవతలి వైపుకు పోవడం వల్ల అలా జరుగుతుంది. దాటడానికి రోబో3 కావాలి. అది పనిచేయకపోతే చాలా నరాలు ఏ వైపువి ఆ వైపే ఉండిపోతాయి. ఎంఆర్ఐ తీస్తే మెదడు కాండంలో నడిమధ్య చీలిక, దాని కింద సీతాకోకచిలుక లాంటి ఆకారం కనిపిస్తాయి. ఎడమ చేతిని ఎడమ మెదడే నడుపుతున్నా ఈ పిల్లలు పరుగెత్తుతారు, రాస్తారు, తెలివితేటల్లో ఎవరికీ తీసిపోరు. మొత్తం కథలో ఇంతకన్నా అబ్బురపరిచేది లేదు.

కంటి కండరాల్లో లోపం లేదు. వేలిని ముక్కు దగ్గరకు తెస్తే కొందరిలో రెండు కళ్లూ చక్కగా లోపలికి తిరుగుతాయి. రెండూ కలిసి పక్కకు తిరగాలన్నప్పుడే, మెదడు కాండం నుంచి రావాల్సిన ఆజ్ఞ అందదు. వెన్నుపూసలు కూడా సాధారణంగా పుట్టుకతో బాగానే ఉంటాయి. ఒంపుకు కారణం నరాల అమరికలోనే ఉందని వైద్యుల అంచనా.

తల్లిదండ్రులిద్దరూ లోపమున్న జన్యువును ఒక్కొక్కటి మోస్తూ ఆరోగ్యంగానే ఉంటారు. వాళ్లకు కలిగే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇప్పటిదాకా బయటపడిన కుటుంబాల్లో చాలావాటిలో దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లున్నాయి. మేనరికాలు ఇంకా జరిగే తెలుగు ఇళ్లలో ఇది గుర్తుపెట్టుకోవలసిన సంగతి. బిడ్డకు ఇలా జరిగితే తల్లిని తప్పుపట్టడం మాత్రం ఘోరమైన అన్యాయం.

కన్నును కదిలించే మందు లేదు. వెన్నుకు మొదట బెల్టు, వంపు ముదిరితే కడ్డీలతో ఆపరేషన్. ఆపరేషన్ సాగుతున్నంతసేపూ వెన్నుపాము దెబ్బతినకుండా కాళ్ల నుంచి మెదడుకు వెళ్లే సంకేతాలను కనిపెడుతుంటారు. మామూలుగా ఒక కాలి సంకేతాలు తలలో దానికి వ్యతిరేక వైపున కనిపించాలి, ఈ పిల్లల్లో అదే వైపున కనిపిస్తాయి. ముందే తెలియకపోతే బృందం పొరబడవచ్చు. ఈ జబ్బును గుర్తించే తొలి మెట్టు చాలా చిన్నది: వెన్ను వంపుతో వచ్చిన బిడ్డను తల కదపొద్దని చెప్పి, ముఖం ముందు వేలిని పక్కకు జరిపి, కళ్లు దాని వెంట వెళ్తున్నాయో లేదో చూడటమే.