బోరు లెక్క, బడి లెక్క

ఉమ్మడి అనంతపురం జిల్లాలో రైతును ‘ఈ ఏడు పంటెట్లుంది?’ అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ‘వానల్లేవు, ఏం జేస్తాం’. అక్కడి బడిలో టీచర్ని ‘పిల్లలెలా చదువుతున్నారు?’ అని అడిగితే, ‘సగంమంది సరిగ్గా రారు, వచ్చినవాళ్లకు ఇంట్లో చెప్పేవాళ్లుండరు’ అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతికే వానచాటు సీమ ఇది. పంట పోయిన ఏడాది కుటుంబాలు బెంగళూరు దిక్కుకు కూలికి పోతాయి, బడి హాజరు పట్టీలో గైర్హాజరు గుర్తులు పెరుగుతాయి. అయితే ఈ జవాబుల్లో ఉన్నవన్నీ చెప్పేవారి చేతిలో లేని సంగతులే. చేతిలో ఉన్నదాన్ని ఎలా వాడుకున్నారో వాటిలో కనపడదు. అందుకే మరుసటి ఏడాది మార్చుకోవడానికి ఏమీ దొరకదు.

చేసిన పనిని వెనుదిరిగి చూసుకోవడం, ఆ చూపులోంచి తర్వాతి పనికి ఒక లక్ష్యం ఏర్పరచుకోవడం మంచి టీచరుకు ఉండాల్సిన అలవాట్లని శిక్షణ తరగతుల్లో తరచూ చెబుతారు. 2009 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా ప్రణాళికా చట్రం కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఎలా చేయాలన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. దానికి మంచి పాఠం ఈ కరవు నేలలోని బోరుబావుల దగ్గర ఉంది.

రైతు చేతికి కొలత

ఆంధ్రప్రదేశ్ రైతు యాజమాన్య భూగర్భజల వ్యవస్థల ప్రాజెక్టు 2003లో మొదలైంది. నెదర్లాండ్స్ నిధులిచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పడింది. నంద్యాలకు చెందిన బర్డ్స్, మరికొన్ని స్వచ్ఛంద సంస్థలు ఊళ్లలో పని నడిపాయి. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలు దీని పరిధిలోకి వచ్చాయి. ఇందులో రైతుకు బోరు వేసివ్వలేదు, పైపులివ్వలేదు, సబ్సిడీ లేదు. ఇచ్చిందల్లా కొలిచే పరికరాలు, కొలిచినదాన్ని చదువుకునే నేర్పు.

బోరు నీళ్లను మన రైతులు ఇంచుల్లో చెప్పుకుంటారు. ‘రెండించుల నీళ్లు పడినాయి’ అంటే అందరికీ ఓ అంచనా వస్తుంది. రోజుకు ఎన్ని లీటర్లు తోడుతున్నామో మాత్రం ఎవరికీ లెక్క ఉండదు. ఆ లెక్కకు ఒక డ్రమ్ము, ఒక గడియారం చాలు. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకన్లలో నిండితే బోరు సెకనుకు 2 లీటర్లు పోస్తున్నట్టు. మోటారు ఏడు గంటలు ఆడితే 50 వేల లీటర్ల పైమాటే. ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వచ్చేది నాలుగు వేల లీటర్ల చిల్లర. అంటే ఆ ఒక్క బోరు ఒక్కరోజులో, ఎకరాపై కురిసిన 12 మిల్లీమీటర్ల వానంత నీటిని పైకి తెస్తోంది. ఈ లెక్క సొంత చేత్తో వేసుకున్న రైతు మోటారు మీట వేసేటప్పుడు ఒక క్షణం ఆలోచిస్తాడు.

ఊళ్లలో వాన ఎంత పడిందో, బోర్లలో నీరు ఎంత లోతున ఉందో రైతులే క్రమం తప్పకుండా కొలిచి రాసేవారు. రబీకి ముందు ఆడామగా కలిసి కూర్చునేవారు. కురిసిన వానలో ఎంత భూమిలోకి ఇంకింది, ఖరీఫ్‌కు ఎంత తోడేశాం, ఇక మిగిలిందెంత? ఎవరు ఎన్ని ఎకరాల్లో ఏ పంట వేద్దామనుకుంటున్నారు, దానికి ఎంత నీరు కావాలి? రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే లోటు ఎంతో బయటపడేది. దాన్ని ఊరందరికీ కనపడేలా బోర్డు మీద రాసేవారు. వరి వేయొద్దని ఎవరినీ ఎవరూ ఆదేశించలేదు. ఏం వేయాలన్నది రైతు ఇష్టం. పంటలు వేశాక, అనుకున్నదేమిటి, వేసిందేమిటి అని మళ్లీ సరిచూసుకునేవారు.

చాలాచోట్ల వరి తగ్గింది, ఆరుతడి పంటలు పెరిగాయి. 2010లో ప్రపంచ బ్యాంకు భారతదేశ భూగర్భజలాలపై వెలువరించిన నివేదిక ఈ ప్రాజెక్టును ప్రత్యేకంగా ప్రస్తావించింది. మార్పు ఊరి మేలు కోసం చేసిన త్యాగం వల్ల వచ్చింది కాదు. నీళ్లు చాలక పంట మధ్యలో ఎండిపోతే పోయేది తన పెట్టుబడే అని ప్రతి రైతూ ముందుగా చూసుకోగలిగాడు.

పలక మీద 35

ఇప్పుడు తరగతి గదిలోకి వద్దాం. మూడో తరగతి అనుకుందాం. 52లోంచి 27 తీసివేయమంటే ఒక పాప 35 అని రాసింది. ‘పాఠం వినలేదు’ అని ఇంటూ పెడితే కథ అంతటితో అయిపోతుంది. కాస్త ఆగి చూస్తే పాప చేసిన పని కనిపిస్తుంది. ఒకట్ల స్థానంలో 7లోంచి 2 తీసి 5 వేసింది. పదుల స్థానంలో 5లోంచి 2 తీసి 3 వేసింది. పై అంకె ఏదో కింది అంకె ఏదో పట్టించుకోకుండా, పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేసింది. ఇది అజాగ్రత్త కాదు, ఒక నియమం. లోకమంతటా పిల్లలు తీసివేతల్లో చేసే బాగా తెలిసిన తప్పు ఇది. ఆ నియమం పాపకు ఎక్కడిది? ‘ఎప్పుడూ పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలి’ అని ఒకటో తరగతిలో మనమే చెప్పి ఉండవచ్చు. అప్పటికి పని జరిగింది. ఇప్పుడు అదే అడ్డం తిరిగింది.

అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ 1910లోనే చెప్పినట్టు, నిజమైన ఆలోచన ఒక చిక్కు దగ్గర మొదలవుతుంది. వృత్తి నిపుణులు ఎలా ఆలోచిస్తారో పరిశీలించిన డోనాల్డ్ షోన్ 1983లో రాసిన పుస్తకంలో పని నడుస్తుండగానే సర్దుకునే ఆలోచననీ, పని ముగిశాక తీరిగ్గా చేసే ఆలోచననీ విడదీసి చూపాడు. ఆ పాప చేతికి వెంటనే పుల్లల కట్ట ఇచ్చి మళ్లీ చేయించడం మొదటిది. సాయంత్రం నోటుపుస్తకాలు ముందేసుకుని, ఇదే తప్పు ఇంకెవరెవరు చేశారో, పాఠంలో ఏ మెట్టు జారిందో వెతకడం రెండోది.

ఆ వెతుకులాటకు రాత ఉండాలి. ‘తీసివేతలు బోధించితిని, విద్యార్థులు చురుగ్గా పాల్గొనిరి’ అని డైరీలో రాస్తే రేపు దాంతో ఏమీ చేయలేం. ‘22 మందిలో 9 మంది పై అంకెను కింది అంకెలోంచి తీశారు’ అని రాస్తే రేపటి పాఠం అందులోంచే పుడుతుంది. ‘గణితంలో అందరినీ మెరుగుపరచాలి’ అనేది కోరిక. ‘శుక్రవారానికి ఆ 9 మందిలో కనీసం 6 మంది ఒక పదుల కట్ట విప్పి, ఒకట్లు చేసి, లెక్క చేసి చూపాలి’ అనేది లక్ష్యం.

మనస్తత్వవేత్తలు ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ దశాబ్దాలపాటు చేసిన పరిశోధన కూడా ఇదే చెబుతోంది. ‘నీకు చేతనైనంత చేయి’ అనేదానికన్నా స్పష్టంగా, కాస్త కష్టంగా ఉండే లక్ష్యం పని చేయిస్తుంది. దానికో మినహాయింపు ఉంది. పని కొత్తదీ చిక్కుదీ అయినప్పుడు మార్కుల శాతం పెట్టుకుంటే జనం అడ్డదారులు వెతుకుతారు. అలాంటిచోట నేర్చుకునే లక్ష్యం మేలు. రాయదుర్గం, మడకశిర వైపు ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు మాటల లెక్కలు తప్పు చేస్తుంటే, వాళ్లను తికమకపెడుతున్నది లెక్కా, తెలుగు వాక్యమా అన్నది తేల్చుకోవడమే ఆ నెల లక్ష్యం కావచ్చు. శాతం సంగతి తర్వాత.

కొలత ఎవరిది?

టీచరు డైరీ, పాఠ్య ప్రణాళిక, స్కూల్ కాంప్లెక్స్ సమావేశం వంటివి మనకు కొత్త కాదు. 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసి మాట్లాడుకోవడానికి టీచర్ సెంటర్లు పెట్టింది. 2020 జాతీయ విద్యా విధానం ఏటా 50 గంటల వృత్తి నైపుణ్య శిక్షణ ఉండాలంటోంది. ఇన్ని ఉన్నా వెనుదిరిగి చూసుకునే అలవాటు పాతుకోకపోవడానికి ఒక కారణం తనిఖీ. పైవాళ్లు సంతకం పెట్టే డైరీలో ‘నా పాఠం తొమ్మిది మందికి ఎక్కలేదు’ అని ఏ టీచరు రాస్తారు? రాయరు. అడిగినవాళ్లకు నచ్చేదే రాస్తారు. సమావేశాల్లో సమయం సర్క్యులర్లకూ గణాంకాలకూ పోతే పలక మీది 35 గురించి మాట్లాడేదెప్పుడు?

బోరు కొలిచిన రైతుకు ఆ బెడద లేదు. అంకె తగ్గితే కోత పడే సబ్సిడీ లేదు, పెరిగితే దక్కే బహుమతీ లేదు. తన బోరు గురించి తనకే అబద్ధం రాసుకోవాల్సిన పని ఎవరికీ ఉండదు. జపాన్ బడుల్లో నూరేళ్లకు పైగా సాగుతున్న పాఠ పరిశీలనలోనూ ఇదే కిటుకు ఉంది. ఒకరు పాఠం చెబుతుంటే తోటి టీచర్లు గమనిస్తూ పిల్లలు ఎక్కడ తడబడ్డారో రాసుకుంటారు. తర్వాత చర్చ పాఠం మీద సాగుతుంది. చెప్పినవారికి మార్కులు వేయరు.

ఇలా కొలిచి చూసుకోవడానికి హద్దులూ ఉన్నాయి. నీటి లెక్క వానను కురిపించదు. ఆ భూగర్భజల ప్రాజెక్టు ఫలితాలు కూడా అంతటా ఒకేలా లేవని తర్వాతి పరిశీలనలు తేల్చాయి. అలాగే ఐదు తరగతులకు ఒకే టీచరున్న బడిలో ఎంత వెనుదిరిగి చూసుకున్నా రెండో టీచరు పుట్టుకురారు. ‘మీరు ఆత్మపరిశీలన చేసుకోండి’ అనే మాట, ఖాళీలు నింపని ప్రభుత్వానికి సాకు కాకూడదు.

ఈ హద్దుల్లోనే చేయదగ్గ పని ఒకటుంది. కాంప్లెక్స్ సమావేశంలో ఒక అరగంట కేటాయించాలి. ప్రతి టీచరూ ఒక పిల్లవాడి నోటుపుస్తకం, అందులో ఒక్క తప్పు తీసుకురావాలి. ఆ తప్పు వెనక ఏ నియమం ఉందో నలుగురూ కలిసి వెతకాలి. వచ్చే సమావేశానికల్లా తాను ఏం చేసి చూస్తానో ప్రతి ఒక్కరూ ఒక వాక్యం రాసుకోవాలి. మళ్లీ కలిసినప్పుడు మొదటి ప్రశ్న దాని మీదే ఉండాలి. రాసుకున్న ఆ కాగితం టీచరు దగ్గరే ఉండాలి. దాన్ని పైకి పంపమని ఎవరూ అడగకూడదు.